బొగ్గు అంటుకునేదాకా

మా తమ్ముడి మనవరాలు ఇందిరకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. ఏం పనమ్మా అని అడిగితే "మానవ వనరుల శాఖ తాతా" అంది. ఇనుప ఖనిజం, నేలబొగ్గు, అడవి కలప వరసలో మనుషుల్ని కూడా చేర్చారన్నమాట. సంతోషం. ఇన్నాళ్లకైనా ఎవరో గుర్తించారు. చేరిన కొత్తలోనే వీళ్లందరినీ ఊరి బయట ఒక పెద్ద హోటలుకు తీసుకుపోయి, మూడు పూటలా విందు పెట్టి, ఒక ఆట ఆడించారట. కళ్లు మూసుకుని వెనక్కి పడిపోవాలి, వెనక నిలబడ్డవాళ్లు పట్టుకోవాలి. అట్లా పట్టుకుంటే ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదురుతుందట. ఆ నమ్మకంతో కంపెనీ వర్ధిల్లుతుందట.

"మీ కాలంలో ఇట్లాంటివి ఉండేవా తాతా?" అని అడిగింది.

"ఎందుకు లేవూ? కాకపోతే మా ఆటలో వెనక్కి పడేది బస్సు" అన్నాను.

పిల్ల పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ బస్సు వెనక ఎవరు నిలబడ్డారో నాకు తెలుసు. అందుకని ఇది రాస్తున్నాను, ఇందిర కోసమూ, ఆ పిల్లలాగా పదిమంది మీద పెత్తనం చేసే ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసమూ.

నేను యుద్ధం రోజుల్లో తిరుపతిలో ఒక ప్రైవేటు మోటారు సర్వీసు షెడ్డులో టైం కీపరుగా చేరాను. ఏ బండి ఎప్పుడు బయటికి పోయింది, ఎప్పుడు తిరిగి వచ్చింది అని చూసుకోవడం నా పని. అందరూ నన్ను టైమయ్యా అని పిలిచేవారు. తర్వాత ఏవేవో అయ్యాను, పెద్ద కుర్చీలోనే రిటైరయ్యాను. ఆ ప్రమోషన్ల కథ రాయను. అవి నాకెందుకు వచ్చాయో నాకు తెలియదు, ఇచ్చినవాళ్లకు అంతకంటే తెలియదు.

బొగ్గు బస్సులు

యుద్ధం ఎక్కడో యూరపులో జరుగుతుంటే పెట్రోలు మాత్రం తిరుపతిలో అయిపోయింది. మోటారు సర్వీసులన్నీ బస్సు వెనక ఇనుప పీపాలాంటి ఒక గ్యాసు ప్లాంటు తగిలించుకున్నాయి. అందులో కట్టెబొగ్గు పోసి, నిప్పు పెట్టి, పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పి గాలి కొడితే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసుతో ఇంజను నడుస్తుంది. నడుస్తుంది అనే మాట మర్యాద కోసం వాడాను. చదును నేల మీద నడిచేది, చిన్న మిట్ట కనబడితే ఆలోచించేది, పీలేరు దారిలో భాకరాపేట ఘాటు రాగానే నిలబడిపోయేది.

అప్పుడు డ్రైవరు వెనక్కి తిరిగి, "దిగండప్పా, రోంత నూకండి" అనేవాడు. కొండకు పోయి గుండు కొట్టించుకుని తిరిగి వెళ్లే యాత్రికులు, "దేవుడికి ఎంట్రుకలు ఇస్తిమి, మీకు రెక్కల కష్టం ఇయ్యాల్నా" అని గొణుక్కుంటూ దిగి తోసేవారు. టికెట్టు కొని బస్సును తోసిన తరం మాది. తెల్ల పంచెతో ఎక్కినవాడు ఏ రంగు పంచెతో దిగేవాడో చెప్పనక్కర్లేదు.

అందరూ తోస్తుంటే ఒక్క క్లీనరు మాత్రం తోసేవాడు కాదు. అతని చేతిలో చింతచెక్క దిమ్మ ఒకటి ఉండేది. బస్సు ఆగిన చోటల్లా ఆ దిమ్మను వెనక చక్రం కింద పెట్టాలి, లేకపోతే బస్సు వచ్చిన దారినే పోతుంది. డ్రైవరుకు దిమ్మ కనిపించదు. దిమ్మ పట్టుకున్నవాడికి డ్రైవరు కనిపించడు. ఇద్దరి మధ్యా ఉండేది ఒక కేక. "పెట్నావా?" అని డ్రైవరు అరవాలి, "పెట్నా" అని క్లీనరు అరవాలి. అంతే. దానికి హోటలు అక్కర్లేదు.

బోణీ

బొగ్గు బస్సుకు ఇంకొక రోగం ఉంది. పొద్దున నిప్పు పెట్టగానే బయలుదేరదు. బొగ్గు బాగా అంటుకుని గ్యాసు పట్టడానికి అరగంట పైనే కావాలి. ఆ అరగంట డ్రైవర్లకు, కండక్టర్లకు, క్లీనర్లకు ఏ పనీ ఉండదు. ఒకరు మార్చి ఒకరు చక్రం తిప్పడమే.

ఆ అరగంటకు యజమాని దానియేలు మేస్త్రి. షెడ్డులో పెద్ద మెకానిక్కు. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేవాడు, మిగిలిన రోజుల్లో అదే గొంతుతో బూతులు తిట్టేవాడు. ఆయన్ని మహానుభావుడని అనుకోకండి. కొత్తగా చేరిన క్లీనరు దగ్గర కోడిపుంజు పుచ్చుకునేవాడు. తన మేనల్లుడికి మంచి బండి ఇచ్చి, పక్కవాడి అల్లుడికి డొక్కు బండి ఇచ్చేవాడు. ఇన్ని చేసినా ఒక్క మంచి పని చేశాడు, అది చాలు.

పొద్దున్నే అందరినీ ప్లాంటు చుట్టూ కూర్చోబెట్టేవాడు. షెడ్డులో మంచినీళ్ల కుండలు రెండు ఉండేవి, ఎవరి కుండలో ఎవరు ముంచాలో అందరికీ తెలుసు. ఆ రోజులు అట్లాంటివి, దాన్ని నేను ముస్తాబు చేసి చెప్పను. కానీ నిప్పు ఒకటే కాబట్టి అందరూ దాని చుట్టే కూర్చోవాల్సి వచ్చేది. అక్కడ మేస్త్రి పెట్టిన కట్టుబాటు ఏమిటంటే, బొగ్గు అంటుకునేదాకా ఎవరు ఏం చెప్పినా చెల్లుతుంది. ఎవరూ బదులు చెప్పకూడదు. అంటుకున్నాక ఆ మాట మళ్లీ ఎత్తి ఎవరినీ ఎత్తిపొడవకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మొదటి తిట్టు అక్కడున్న పెద్దవాడికే పడాలి. అంటే మేస్త్రికే. దాన్ని బోణీ అనేవారు.

నేను చేరిన మొదటి రోజు మేస్త్రి నా వైపు తిరిగి, "ఈ పొద్దు బోణీ టైమయ్యది" అన్నాడు.

నాకేం తెలుసు? లేచి నిలబడి చేతులు కట్టుకుని, "మేస్త్రి గారు చాలా సమర్థులని విన్నాను" అన్నాను.

ఒక్కసారిగా అందరూ గొల్లున నవ్వారు. మేస్త్రి తల పట్టుకున్నాడు. "అయ్యో దేవుడా, బోణీ చెడిపోయ. ఈ అప్ప పొగుడ్తాడబ్బా. ఈ పొద్దు ఏ బండీ చంద్రగిరి దాటదు, రాసి పెట్టుకోండి" అన్నాడు. నిజంగానే ఒక బండి చంద్రగిరి దగ్గర ఆగిపోయింది. నా నోటి చలవే అని నెలంతా నన్ను ఆడుకున్నారు.

మొదట్లో నాకిదంతా పనిలేని పోచికోలు కబుర్లనిపించింది. ఒక రోజు నరసింహులు అనే డ్రైవరు నోరు విప్పాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. నిప్పు వైపే చూస్తూ అన్నాడు.

"పొద్దు గూకితే నాకు దారి కనపడ్డంల్యా. కండక్టరు మాట మీద తోల్తా ఉండా. కడుపుకు భయపడి ఇన్నాళ్లూ చెప్పల్యా."

ఎవరూ ఏమీ అనలేదు. అనకూడదు కదా. చక్రం తిప్పేవాడు తిప్పుతూనే ఉన్నాడు. బొగ్గు అంటుకున్నాక మేస్త్రి లేచి పంచె దులుపుకుని, "నరసింహులుకు రేపట్నుంచీ పొద్దుటి బండ్లే. సాయంత్రం బండి చెంగల్రాయుడు తోల్తాడు" అన్నాడు. చెంగల్రాయుడు తలూపాడు. అతను మా షెడ్డులో పడుచు డ్రైవరు, నలుగురు పిల్లల తండ్రి, దూకుడు మనిషి, నోరు కూడా దూకుడే. ఆ రోజు మాత్రం ఒక్క మాట అనలేదు. రేచీకటి ఉన్న డ్రైవరు సాయంత్రం బండి నిండా జనాన్ని వేసుకుని ఎన్నాళ్లు తిరిగాడో ఆ దేవుడికే తెలియాలి. అతన్ని ఎవరూ పట్టుకోలేదు. తనే చెప్పుకున్నాడు. చెప్పినందుకు కూడు పోలేదు. ఒక షెడ్డు ఆరోగ్యంగా ఉందా లేదా అని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలత నాకు ఈ రోజుకీ దొరకలేదు.

మనమంతా ఒకే కుటుంబం

అప్పుడు వచ్చారు సుందరేశం గారు.

మా సర్వీసు యజమాని మొదలారి చిత్తూరులో ఉండేవారు. ఒకప్పుడు జట్కా బండి తోలి, దాని మీద సంపాదించి, మోటార్లు కొన్న మనిషి. ఆయనకు వయసు మీద పడి, మద్రాసు నుంచి ఒక మేనేజరును తెప్పించి తిరుపతి షెడ్డు మీద పెట్టారు. సుందరేశం గారు ఇంగ్లీషు కంపెనీలో పని నేర్చుకున్నవారు. ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, జేబులో గొలుసు గడియారం. బొగ్గు షెడ్డులో తెల్ల ప్యాంటుతో తిరిగి మరక పడకుండా ఇంటికి పోయిన మనిషిని నేను ఆయన్ని తప్ప ఇంకొకరిని చూడలేదు. మరక పడే చోటికి వెళ్లేవారు కాదు, అదే రహస్యం.

ఆయన చేసిన మంచి కూడా చెప్పాలి. జీతాలు ఒకటో తేదీకే ఇప్పించారు. వారానికి ఒక రోజు సెలవు ఇచ్చారు. మేస్త్రి కోడిపుంజుల వసూలు మాన్పించారు. ఆ మూడూ దానియేలు మేస్త్రి వల్ల జన్మలో అయ్యేవి కావు. అందుకే చెడ్డవాడు పాడు చేస్తే తెలిసిపోతుంది గానీ, మంచివాడు పాడు చేస్తే చాలా ఆలస్యంగా తెలుస్తుందని నేను అంటుంటాను.

వచ్చిన వారంలోనే ఆయన కంట్లో ఆ అరగంట పడింది. "ఇంతమంది జీతగాళ్లు నిప్పు చుట్టూ కూర్చుని మేస్త్రిని బూతులు తిడుతున్నారు. మేస్త్రి నవ్వుతున్నాడు. ఇది షెడ్డా, కల్లంగడా?" అని నన్నడిగారు. నిప్పు పెట్టడానికి వేరే ఇద్దరు కూలీలను పెట్టారు. డ్రైవరు, కండక్టరు, క్లీనరు బండి బయలుదేరే వేళకు వచ్చి ఎక్కితే చాలన్నారు. అరగంట మిగిలింది. మిగిలిన ఆ అరగంటను ఏం చేశారో నాకు అంతుబట్టలేదు, షెడ్డులో ఎక్కడా కనబడలేదు.

తర్వాత బండికి మనిషిని అతకనీయకూడదన్నారు. ఒకే బండి తోలితే దాని మీద మమకారం పెరిగి, కండక్టరుతో డ్రైవరు కుమ్మక్కవుతాడట. అందుకని రోజుకొక బండి, రోజుకొక జత. ఆ తర్వాత జరిమానా వచ్చింది. బండిలో ఏది విరిగినా, అరిగినా, ఎవరి చేతిలో ఉండగా బయటపడిందో వాళ్లే జవాబుదారీ.

ఈ జరిమానా మహిమ చూడండి. ఆ రోజుతో మా షెడ్డులో ఏదీ విరగడం మానేసింది. స్ప్రింగులు విరగవు, బెల్టులు తెగవు, బ్రేకులు అరగవు. ఇనుముకు కూడా క్రమశిక్షణ వచ్చేసింది. చిత్తూరు నుంచి మొదలారి మెచ్చుకుంటూ కబురు పంపారు. ఆ సంతోషంలో సుందరేశం గారు షెడ్డు గోడకు ఒక పెద్ద బోర్డు కొట్టించారు. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు, "మనమంతా ఒకే కుటుంబం". పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

నెలకొకసారి ఆ బోర్డు కింద అందరినీ నిలబెట్టి, "ఏమైనా కష్టాలుంటే ధైర్యంగా చెప్పండి, నేను మీ అన్నలాంటివాణ్ణి" అనేవారు.

"ఏం లేదు సామీ, అంతా బాగుండాది" అనేవారు అందరూ ఒకే గొంతుతో.

ఆయన నా వైపు తిరిగి, "చూశావా, ఎంత ఐకమత్యమో" అనేవారు. నిజమే. అంతమంది ఒకే అబద్ధాన్ని ఒకే రాగంలో చెప్పడానికి చాలా ఐకమత్యం కావాలి.

ఘాటులో

దొరసాని అని ముద్దుపేరు పెట్టుకున్న బండి ఒకటి మా షెడ్డులో ఉండేది. ఎందుకంటే దానికి ఎవరి మాటా వినే అలవాటు లేదు. కొంతకాలంగా దాని హ్యాండ్ బ్రేకు పళ్లు అరిగిపోయి, లాగితే పట్టినట్టే పట్టి జారిపోయేది. ఆ సంగతి నరసింహులుకు తెలుసు. అతను దొరసానిని తోలిన రోజు, దిమ్మ పడిందని చెవులారా వినందే సీటు కదిలేవాడు కాదు. చెబితే జరిమానా. చెప్పకపోతే రేపు ఆ బండి ఇంకొకడిది. రేచీకటిని నిప్పు ముందు ఒప్పుకున్న మనిషి, అరిగిన బ్రేకును బోర్డు కింద ఒప్పుకోలేకపోయాడు.

మర్నాడు దొరసాని చెంగల్రాయుడి చేతికి వచ్చింది. క్లీనరు మునెప్ప. నలభై ఏళ్ల మనిషి, సత్యవేడు దిక్కు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి మా షెడ్డులో పాతుకుపోయినవాడు. ఏ డ్రైవరుతో వేసినా నవ్వుతూ పోయేవాడు. నాకు పీలేరులో పని ఉండి నేనూ ఆ బండే ఎక్కాను.

ఘాటు మొదట్లోనే దొరసాని నిలబడిపోయింది. అందరం దిగి తోశాం. ఒక నిండు చూలాలు, ఒక ముసలమ్మ మాత్రం లోపలే కూర్చున్నారు. సగం ఎక్కాక గ్యాసు పూర్తిగా పడిపోయింది. డ్రైవరు సీట్లోనే ఉన్నాడు కదా అని మునెప్ప దిమ్మను పక్కన పెట్టి, ప్లాంటు మూత తీసి నిప్పును కెలుకుతున్నాడు. కొత్త జత కదా, ఎవరి అలవాటు ఎవరికీ తెలియదు. చెంగల్రాయుడు హ్యాండ్ బ్రేకు బలంగా లాగి, సాయం చేద్దామని కిందికి దూకాడు. "పెట్నావా?" అని అడగలేదు. మంచి బ్రేకు ఉందనుకున్నవాడు ఎందుకు అడుగుతాడు?

బ్రేకు టకటకమంటూ జారిన చప్పుడు నాకు ఈ రోజుకీ వినిపిస్తుంది.

బస్సు వెనక్కి కదిలింది. మేమంతా పక్కలకు చెల్లాచెదురయ్యాం. మునెప్ప కూడా కావాలంటే పక్కకు దూకగలిగేవాడు. లోపల ముసలమ్మ "గోవిందా" అని అరిచింది. అతను దిమ్మను అందుకుని చక్రం కింద తోశాడు. ఒకసారికి పట్టలేదు, కాలితో తన్ని మళ్లీ తోశాడు. అప్పుడు పట్టింది. బస్సు ఆగింది, లోయ అంచుకు చాలా దగ్గరగా. మునెప్ప పాదం దిమ్మకూ చక్రానికీ మధ్య ఉండిపోయింది.

తిరుపతి ఆస్పత్రిలో పాదం ముందు భాగమంతా తీసేశారు. మర్నాడు సుందరేశం గారు కంపెనీ తరఫున ఒక బుట్ట కమలాపండ్లు కొనిపించి, నా చేతికిచ్చి పంపారు. మునెప్ప పండ్లు పుచ్చుకుని, నా వెనక గుమ్మం వైపు చూసి, "మీరొక్కరే వచ్చినారా టైమయ్యా?" అన్నాడు.

"ఆయనకు పని ఎక్కువగా ఉంది మునెప్పా" అన్నాను. వెంటనే పండు వలిచి పక్క మంచం మనిషికి పెట్టాడు.

విచారణ

డ్రైవరు నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగిందని సుందరేశం గారు తేల్చేశారు. చెంగల్రాయుణ్ణి తీసేయడమే కాదు, పోలీసులకు రాసి లైసెన్సు కూడా పోగొట్టాలని ఆయన పట్టుదల. లైసెన్సు పోతే ఏ సర్వీసులోనూ పని దొరకదు. నలుగురు పిల్లలను పెట్టుకుని మళ్లీ కూలికి పోవాల్సిందే. సంతకం చేయడానికి చిత్తూరు నుంచి మొదలారి స్వయంగా తెల్లవారగానే కారులో వచ్చారు. ఊరందరి బండ్లూ బొగ్గు మీద నడుస్తుంటే ఆయన కారు మాత్రం పెట్రోలు మీదే నడిచేది. భగవంతుడి దయ.

అందరినీ బోర్డు కింద నిలబెట్టారు. మొదలారి అడిగారు.

"హ్యాండ్ బ్రేకు చెడిపోయిందని మీలో ఎవురికైనా ముందే తెలుసునా?"

ఒకడు గోళ్లు చూసుకున్నాడు, ఒకడు దూలాలు లెక్కపెట్టాడు. నరసింహులు నేల చూపులు చూస్తున్నాడు.

"చూశారా అయ్యా, బండి మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు" అన్నారు సుందరేశం గారు.

దానియేలు మేస్త్రి అప్పటిదాకా మూల నిలబడి ఉన్నాడు. గబగబా పోయి దగ్గరున్న బండి ప్లాంటులో తనే బొగ్గు పోసి నిప్పు పెట్టాడు. తిరిగి వచ్చి మొదలారి ముందు ఒక పాత పెట్టె బోర్లించాడు.

"సామీ, బొగ్గు అంటుకునేదాకా మాతో రోంతసేపు కూసోండి. మీరు కూసుంటే వీళ్లు మాట్లాడతారు. కానీ మా కాడ ఒక పద్ధతి ఉండాది. అంటుకునేదాకా ఎవురేమన్నా బదులు చెప్పకూడదు. ఇంకొకటి సామీ, మొదటి తిట్టు పెద్దోళ్లకే. ఈ పొద్దు పెద్ద మీరే."

"మేస్త్రీ!" అని సుందరేశం గారు అరిచారు. మొదలారి చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. ఏమనుకున్నారో ఏమో, ఆ పెట్టె మీద కూర్చున్నారు. జట్కా తోలిన రోజులు గుర్తొచ్చాయేమో.

అందరూ చుట్టూ చేరారు. ఒకడు చక్రం అందుకున్నాడు. చివరికి చెంగల్రాయుడు ముందుకు వచ్చాడు. పోయేది ఎట్లాగూ పోతోంది, ఇక దాచుకునేది ఏముంది?

"బోణీ నాది సామీ" అన్నాడు. "మాకు కావాల్సింది బ్రేకులు, మీరు బోర్డు ఇచ్చినారు. మనమంతా ఒకే కుటుంబం అని రాయించినారు. కుటుంబం అంటిరి కదా అని ఒక మాట అడగతా ఉండా. మీ ఇంట్లో బిడ్డ కాలు ఇరిగితే, ఇరిగిందని చెప్పిన బిడ్డకు జరిమానా ఏస్తారా సామీ?"

మొదలారి ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయారు.

"ఇంకా అంటుకోల్యా సామీ" అన్నాడు మేస్త్రి, నిప్పు వైపు చూస్తూ.

ఆయన నోరు మూసుకున్నారు. యజమాని నోరు మూసుకోవడం నా సర్వీసంతటిలో నేను చూసింది ఆ ఒక్కసారే. అప్పుడు నరసింహులు మాట్లాడాడు.

"బ్రేకు సంగతి నాకు తెలుసు సామీ. ముందు రోజు దొరసానిని తోలింది నేనే. నా కండ్లు పోయినాయని ఈడ్నే కూసోని చెప్పినా, ఎవురూ నా కూడు తియ్యల్యా. బ్రేకు పోయిందని మాత్రం చెప్పలేకపోతి. మునెప్ప కాలు తీసింది చెంగల్రాయుడు కాదు. నేను."

అని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత ఇక ఒకరిని అడగాల్సిన పని లేకపోయింది. ఫలానా బండికి స్టీరింగు ఆడుతోందని ఒకరు, ఫలానా బండి స్ప్రింగును తాడుతో కట్టామని ఒకరు. బొగ్గు అంటుకునేలోపల, ఏ లోపమూ లేని మా షెడ్డులో రోడ్డెక్కడానికి పనికొచ్చే బండ్లు మూడే తేలాయి.

మొదలారి లేచారు. సంతకం చేయాల్సిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "చెంగల్రాయుణ్ణి రేపట్నుంచీ బండెక్కనీండి. జతలు మార్చేది ఆపండి. పొద్దున వీళ్ల కూర్చోడమేదో వీళ్లను కూర్చోనీండి" అన్నారు.

"జరిమానా?" అని అడిగారు సుందరేశం గారు.

మొదలారి కారు వైపు నడుస్తూనే, "సగం చెయ్యండి" అన్నారు. ఎంత కదిలినా వ్యాపారస్థుడే కదా. కారెక్కి వెళ్లిపోయారు. మళ్లీ ఆ నిప్పు దగ్గరికి ఎప్పుడూ రాలేదు, పొగ పడదన్నారు. బోర్డు అట్లాగే ఉంది.

మునెప్ప ఆస్పత్రి నుంచి వచ్చాక షెడ్డుకు కాపలాదారుగా పెట్టారు, కొంచెం తక్కువ జీతానికి. నరసింహులు సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. కట్టుబాటు కట్టుబాటే. కానీ అతను మాత్రం తన సంగటి మూట మునెప్ప పక్కన కూర్చునే విప్పేవాడు, రిటైరయ్యేదాకా.

పెట్రోలు

యుద్ధం ముగిసింది. కొంతకాలానికి పెట్రోలు మళ్లీ దొరకసాగింది. ప్లాంట్లు విప్పేసి షెడ్డు వెనక గుట్టగా పోశారు. మొదటి రోజు డ్రైవర్లు వచ్చారు, హ్యాండిలు ఒక తిప్పు తిప్పారు, బండ్లు బుర్రుమన్నాయి, వెళ్లిపోయారు. సుందరేశం గారు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుని మురిసిపోయారు. ఆయన నిషేధించినా తిరిగొచ్చిన అరగంటను పెట్రోలు ఒక్క పూటలో తీసుకుపోయింది. మనుషులు గొంతు చించుకుని సాధించుకున్నదాన్ని ఒక కొత్త యంత్రం వచ్చి చల్లగా ఊడ్చుకుపోతుంది. ఇందిరా, ఇది నీ ఉద్యోగంలో నీకు తప్పకుండా ఎదురవుతుంది.

కొన్నాళ్లు పోయాక ఒక పొద్దున నేను వెళ్లేసరికి షెడ్డు మధ్యలో పాత ప్లాంటు ఒకటి నిలబడి ఉంది. కుంటుకుంటూ దాన్ని గుట్టలోంచి లాక్కొచ్చింది మునెప్ప. అందులో బొగ్గు పోసి నిప్పు పెట్టాడు. నరసింహులు చక్రం తిప్పుతున్నాడు. మేస్త్రి, చెంగల్రాయుడు, అందరూ చుట్టూ కూర్చుని ఉన్నారు.

సుందరేశం గారు రానే వచ్చారు.

"ఏం మునెప్పా, పెట్రోలు బండికి బొగ్గెందుకు?"

"బండికి కాదు సామీ, మాకు."

ఆయన గడియారం తీశారు. "ఎంతసేపు?"

"అంటుకునేదాకా సామీ."

చుట్టూ చూశారు. ఎవరూ లేవలేదు. ఆయన అప్పటికి కొంత మారారనే చెప్పాలి. గడియారం జేబులో పెట్టుకుని, పక్కనున్న పాత పెట్టె మీద జేబురుమాలు పరుచుకుని, ప్యాంటు మడత చెదరకుండా కూర్చున్నారు.

"ఈ పొద్దు బోణీ ఎవురిదప్పా?" అన్నాడు మేస్త్రి.

"నాది" అన్నాడు మునెప్ప. సగం పాదాన్ని ముందుకు చాపుకుని కూర్చున్నాడు. గొంతులో కోపం లేదు. "ఆస్పత్రికి పండ్లు పంపినారు సామీ. మీరు రాల్యా. వస్తారేమో అని దినామూ వాకిలి పక్కకే సూస్తా ఉంటి."

సుందరేశం గారు ఉలిక్కిపడి ఏదో చెప్పబోయారు. మేస్త్రి నిప్పు వైపు వేలు చూపించాడు. ఆయన ఆగిపోయారు. ఆ పాదం మీద నుంచి చూపు తిప్పుకోవడానికి ఆయనకు ఎక్కడా చోటు దొరకలేదు.

ఆ రోజు బొగ్గు ఎంతకీ అంటుకోలేదు. కాపలాదారు మునెప్ప ముందే దాని మీద నీళ్లు చల్లి పెట్టాడు.